అరికాలు

శ్రీరంగం నడక మొదలుపెట్టిన కొత్తలో ఊళ్ళో వాళ్ళకి అదొక వేడుకైంది.

ఆ ఊరు దోర్నపాల్‌కీ ఎర్రబోరుకీ నడుమ, హైవేని ఆనుకుని ఉంటుంది. రోడ్డు పక్కన దుకాణాలు, దుకాణాల వెనక ఇళ్ళు, ఇళ్ళ వెనక పొలాలు, ఆ పైన అడవి. శ్రీరంగానిది కిరాణా దుకాణం. తాతల నాడు ఉప్పూ పొగాకూ అమ్ముకుంటూ భద్రాచలం వైపు నుంచి వచ్చి, అక్కడే నిలిచిపోయిన కుటుంబం. ఆయన భారీ మనిషి. పొద్దున గల్లాపెట్టె ముందు కూర్చుంటే దుకాణం కట్టేసేదాకా లేచేవాడు కాదు. ఎదురుగా కనబడుతున్న ఉంగ సైకిలు షాపుకి పోవాలన్నా మోటారుసైకిలు తీసేవాడు. అలాంటి మనిషి ఒకనాటి పొద్దున తెల్లటి కాన్వాసు బూట్లు తొడుక్కుని, చేతులు ఊపుకుంటూ, దోర్నపాల్ వైపు హైవే వెంట నడిచిపోయాడు. ఊరు దాటాక వాగు మీద చిన్న వంతెన ఉంది, దాన్ని అక్కడ పులియా అంటారు. అంత దూరం పోయి, గట్టు మీద కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి వచ్చేశాడు.

"ఏంది సేఠ్, ఎవరన్నా తరుముతున్నరా?" అన్నాడు ఉంగ, పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టి ముందు నుంచి తలెత్తి.

"డాక్టరు నడవమన్నదిరా. షుగరుకి మంచిదంట."

వీధి కుళాయి దగ్గర బిందె పెట్టిన లక్కే పెద్దగా నవ్వింది. ఆమెది రోడ్డుకి అవతల ఇల్లు. ఉసిరికాయలకీ చీపురు గడ్డికీ అడవిలోకి పోయి, నెత్తిన మోపుతో వచ్చే మనిషి. "ఏం ఎత్తుకపోలే, ఏం తేలే. ఉత్త చేతుల్తోటి పోయి ఉత్త చేతుల్తోటి వచ్చినవ్. మరి పోవుడెందుకు సేఠ్?"

శ్రీరంగం కూడా నవ్వాడు. చెమటలు కారుతున్నా ఆయన మొహం బాగుంది.

డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు పక్కన ఉన్నది సుశీల. ఆయన కూతురు, పదో తరగతి. నలుగురిలో నోరు పెగలని పిల్ల. బడిలో మేష్టారు హాజరు పిలిస్తే పలికే మాట కూడా పక్క బెంచీ దాకా వినబడదు. భద్రాచలం ఆసుపత్రికి నిజానికి తల్లి నాగేశ్వరమ్మ పోవాలి. ఆమెకు బస్సెక్కితే వాంతులు. అందుకని కూతుర్ని పంపింది.

డాక్టరమ్మ శ్రీరంగాన్ని బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంది. సన్నటి నైలాను పోగుతో అరికాలి మీద ఒక్కో చోట తాకిస్తూ, "తెలుస్తోందా?" అని అడిగింది.

"లేదమ్మా."

"ఇక్కడ?"

"లేదు."

మడమ, బొటనవేలి కింద, చిటికెనవేలి పక్కన. ఎక్కడా లేదు. డాక్టరమ్మ పోగు తీసి బల్ల మీద పెట్టేసింది. అప్పుడు శ్రీరంగం కళ్ళు మూసుకునే, "ఆ, ఇదిగో, ఇక్కడ తెలుస్తుంది" అన్నాడు. పరీక్షలో ఒక్కదానికైనా జవాబు రాయాలని తాపత్రయపడే పిల్లాడి గొంతులా ఉంది ఆ గొంతు. సుశీలకు నవ్వు రాబోయింది. డాక్టరమ్మ మొహం చూసి ఆగిపోయింది.

"షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయింది. రోజూ నడవండి, మాత్రల కంటే నడకే ఎక్కువ పని చేస్తుంది. ఒక్క రోజు కూడా మానొద్దు. కానీ వట్టి కాళ్ళతో మాత్రం నడవొద్దు. ఇంట్లో కూడా చెప్పులు ఉండాలి" అని ఆయనతో చెప్పి, ఆమె సుశీల వైపు తిరిగింది. "గాజుపెంకు దిగినా మీ నాన్నకి తెలియదు. వంగి చూసుకోవాలంటే పొట్ట అడ్డం. రోజూ సాయంత్రం ఆయన అరికాళ్ళు నువ్వు చూడాలి. ఎర్రబడినా, పొక్కినా, తడిగా ఉన్నా ఆగొద్దు, తీసుకొచ్చెయ్. సరేనా?"

సుశీల తలూపింది. తనను నమ్మి ఎవరైనా ఒక పని అప్పగించడం ఆ పిల్లకి అదే మొదటిసారి.

అప్పటినుంచి సాయంత్రం దుకాణం కట్టేశాక శ్రీరంగం బియ్యం బస్తా మీద కూర్చుని కాళ్ళు చాపేవాడు. సుశీల పీట వేసుకుని, టార్చిలైటు వెలుగులో ఒక్కో వేలూ విడదీసి చూసేది. "ఏముంది పిల్లా, ఏమన్నా రాసుందా?" అనేవాడు తండ్రి. "ఏం లేదు నాన్నా" అనేది. నాగేశ్వరమ్మ వంటింట్లోంచి, "తండ్రి కాళ్ళల్ల సదువు బాగనే సాగుతుంది. బడి సదువు ఏమైంది?" అనేది. ఆ ఇంట్లో అది నవ్వుకునే వేళ.

నడక నిజంగానే మేలు చేసింది. కొన్ని నెలలకే ఆయన మెడ కింద కండ కరిగిపోయింది. గురక తగ్గింది. బస్తా ఎత్తి పక్కన పెడితే ఆయాసం రావడం మానేసింది. కొన్ని పొద్దులు తండ్రీ కూతుళ్ళిద్దరూ కలిసే బయలుదేరేవాళ్ళు. ఆయన నడిచేవాడు, బడిలో ఇచ్చిన సైకిలు మీద సుశీల ఆయన పక్కనే మెల్లగా తొక్కేది. లారీ వస్తే పక్కకి లాగేసే గాలికి సైకిలు తూలుతుందని తండ్రి ఎప్పుడూ రోడ్డు వైపే ఉండేవాడు. ఇంట్లో నోరు విప్పని పిల్ల సైకిలెక్కితే గలగలా మాట్లాడేది. బడి సంగతులన్నీ పులియా దాకా చెప్పేది. అక్కడి నుంచి ఆమె దోర్నపాల్‌కి, ఆయన ఇంటికి.

ఒకరోజు బడి నుంచి వస్తుంటే వెనక చక్రంలో గాలి పోయింది. సైకిలు నడిపించుకుంటూ వచ్చి ఉంగ ముందు నిలబెట్టింది. ఉంగ ట్యూబు తొట్టిలో ముంచి, బుడగ వచ్చిన చోట వేలు పెట్టి, టైరు లోపల తడిమి, పట్టకారుతో ఒక తీగ ముక్క బయటికి లాగాడు. వెంట్రుక కంటే కొంచెం మందం, అంతే.

"ఇదేంది ఉంగన్నా, ఇంత సన్నగుంది?"

"లారీ టైరు పగిలితే రోడ్డు మీద నల్లగ పీలికలు పడుంటయ్ జూడు, పాముల్లెక్క. వాటి లోపటిది. మేకు దిగితే గాలి ఒక్కసారే పోతది, తెలుస్తది. ఇది దిగితే తెల్వదు. నువ్వు తొక్కుతనే ఉంటవ్, అది లోపటికి పోతనే ఉంటది." ఆ తీగని అరిగిపోయిన చెప్పు ముక్కకి గుచ్చాడు. దానికి అప్పటికే ముళ్ళపందిలా తీగలు గుచ్చి ఉన్నాయి. "హైవే ఇచ్చిన పంట ఇదంత" అని నవ్వాడు.

చలి మొదలైంది. భద్రాచలంలో మళ్ళీ రక్తం పరీక్ష చేయించుకుంటే షుగరు బాగా దిగింది. శ్రీరంగం ఇంటికి వచ్చి దేవుడి పటాల ముందు నిలబడ్డాడు.

"మొక్కుకున్న. షుగరు దిగితే మాలేసుకుంటనని అయ్యప్పకు మొక్కుకున్న. స్వామి నా మాట విన్నడు."

నాగేశ్వరమ్మ కళ్ళు చెమర్చాయి. సుశీల మాత్రం ఆయన కాళ్ళ వైపు చూసింది. మాల అంటే చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, వట్టి కాళ్ళు.

"చెప్పుల్లేకుంట ఎట్ల నడుస్తవ్ నాన్నా?"

"నడక మానొద్దని డాక్టరమ్మ చెప్పింది, చెప్పులొద్దని దీక్ష చెప్తది. ఇద్దరి మాటా వింట. ఒకరిని ఎందుకు కాదనాలె?"

"వట్టి కాళ్ళతోటి వద్దన్నది కూడ డాక్టరమ్మే" అంది సుశీల. ఆ మాట ఎంత మెల్లగా వచ్చిందంటే తల్లికి తప్ప ఎవరికీ వినబడలేదు. తల్లి విననట్టు ఊరుకుంది.

మాల వేసేది భద్రాచలం దారిలో ఉన్న కొంటాలో సుందరరావు గురుస్వామి. ఆయనను ఒక్క మాట అడుగుదామని సుశీల మర్నాడు తల్లి కొంగు పట్టుకుంది. నాగేశ్వరమ్మ కసిరింది. "దీక్షల సందులు ఎతుకుతరా ఎవరన్నా? చెప్పులేస్కుంట, మెత్తటి పరుపు మీద పంటనంటే అదేం దీక్షనే? అడిగితేనే తప్పు. ఏం కాదు, ఆయన సూస్కుంటడు." ఆయన అంటే దేవుడు.

అలా శ్రీరంగం స్వామి అయ్యాడు. నల్ల పంచె, నల్ల కండువా, మెడలో మాల, నుదుట విభూతి, గంధం. ఊరంతా ఎదురొచ్చి కాళ్ళకి మొక్కేది. కాన్వాసు బూట్లు అటక మీదికి ఎక్కాయి. తెల్లవారకముందే స్నానం, పూజ, ఆ పైన హైవే మీద పులియా దాకా నడక. శరణుఘోష చెప్పుకుంటూ మునుపటి కంటే వేగంగా నడిచేవాడు. "అడవి లోపలి ఊళ్ళోళ్ళు పుట్టినకాడి నుంచి ఉత్త కాళ్ళతోటే నడుస్తలేరా?" అని కూతురికి ధైర్యం చెప్పాడు. ఆ మాట లక్కే చెవిన పడింది. "ఎవరు సేఠ్? నీ దుకాణంల హవాయి చెప్పులు కొనేది ఎవరు మరి? ముల్లు గుచ్చుకుంటే మాకు గుచ్చుకోదా?" అంది.

అయినా సాయంత్రం పీట మాత్రం తప్పలేదు. స్వామి పాదాలు కూతురి ఒళ్ళో పెట్టడమేమిటని మొదట నసిగాడు కానీ, సుశీల మాట్లాడకుండా టార్చి పట్టుకుని కూర్చుంటే చాపక తప్పలేదు. అరికాళ్ళు తారు మరకలతో నల్లబడ్డాయి. మడమలు నెర్రెలు విచ్చాయి. తడిగుడ్డతో తుడిచి తుడిచి చూసేది. చిన్న కంకర రాయి అంటుకుని ఉంటే తీసేసేది. పుండు లేదు.

దీక్ష సగం గడిచాక సుశీల బయట చేరింది.

మామూలు రోజుల్లో అయితే వసారాలో ఓ పక్కన కూర్చునేది. దీక్ష ఉన్న ఇంట్లో అది కుదరదు. బయట చేరిన ఆడపిల్ల ఆ కప్పు కింద ఉండకూడదు. స్వామి కంట పడకూడదు, ఆమె గొంతు కూడా స్వామికి వినబడకూడదు. చాప, దుప్పటి, పుస్తకాలు మూట కట్టుకుని రోడ్డు దాటి లక్కే ఇంటికి పోయింది. సైకిలు కూడా అక్కడే పెట్టుకుంది.

"మీ దేవుడి చూపు మా ఇంటి గోడ దాటదా పిల్లా? ఇవతల ఉంటే కనబడవా?" అని లక్కే నవ్వుతూనే పక్కన చోటు సర్దింది.

నాగేశ్వరమ్మ పూటపూటకీ అన్నం తెచ్చి కంచె దగ్గర పెట్టేది.

"అమ్మా, నువ్వన్న నాన్న అరికాళ్ళు చూడే. టార్చి గూట్లో ఉంది."

"నాన్న కాదు, స్వామి. రోజూ పొద్దున లేచి మొక్కుతలేనా? నేనే కాదు, ఊరంత మొక్కుతుంది. ఏమన్న ఉంటే ఒకళ్ళకి గాకపోతే ఒకళ్ళకి కనబడదా?"

మొక్కేవాళ్ళకి కనబడేది పాదం పైభాగం. వేళ్ళకి పసుపు, మీద పూల రెక్కలు. అరికాలు నేల వైపు ఉంటుంది. సుశీల ఈ మాట తల్లికి చెప్పాలనుకుని, ఎలా చెప్పాలో మాటలు కూర్చుకునే లోపల నాగేశ్వరమ్మ ఖాళీ గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

ఒక పొద్దున మంచు దట్టంగా పట్టింది. లక్కే వాకిట్లో సుశీల కంచె చాటున నిలబడి ఉంది. రోడ్డు మీద శరణుఘోష దగ్గరై, నల్లటి ఆకారం మంచులోంచి వచ్చి, అటు తిరిగి మంచులోకే పోయింది. ఆయన రోడ్డు దిగువన, మట్టి మీద నడిచాడు. ఆయన పోయాక లక్కే కుక్క కంచె దూరి అక్కడికి పోయింది. నేల వాసన చూసింది. నాకింది. ముందుకి పోయి మళ్ళీ నాకింది. సుశీల ఊరికే చూస్తూ నిలబడింది, తర్వాత గమనించింది. కుక్క ఒక అడుగు వదిలి ఒక అడుగు నాకుతోంది. ఎడమది వదిలి, కుడిది.

పరిగెత్తి కుక్కని తరిమి, వంగి చూసింది. కుడి పాదం గుర్తులో బొటనవేలి కింద, చిన్న తడి మచ్చ. వేలు పెట్టి వాసన చూసింది. నిలవ మాంసం వాసన.

అన్నం వేళకి తల్లి వచ్చినప్పుడు చెప్పింది. ఏడుస్తూ చెప్పింది. నాగేశ్వరమ్మకి కోపం వచ్చింది.

"బయట చేరిన పిల్లవి, పొద్దున్నే పోయి స్వామి అడుగుల మీద చెయ్యి పెట్టినవా? మంచు తడి గాక ఏముంటది రోడ్డు మీద? నిన్న రాత్రి నుంచి ఆయనకి చలిజొరం. చన్నీళ్ళు పడ్తలేవేమో అనుకున్న. నీ చెయ్యి ఏడ తగిలిందో ఏందో!"

జ్వరం అన్న మాట విన్నాక సుశీల ఇంక అన్నం ముట్టలేదు. లక్కే పోయి మళ్ళీ చెప్పి చూసింది. వాకిట్లోంచే పంపించేశారు.

మర్నాడు పొద్దున సుశీల సైకిలు తీసుకుని రోడ్డు మీద నిలబడింది. జన్మలో ఆమె ఎవరికీ ఎదురు నిలబడి ఎరగదు. శరణుఘోష దగ్గరికి వచ్చింది.

"నాన్నా, ఆగు. నీ కాలు చూపియ్."

శ్రీరంగం ఉలిక్కిపడి, కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం అటు తిప్పుకున్నాడు. "స్వామియే శరణమయ్యప్ప" అని గట్టిగా అంటూ ఆమెను చుట్టి పక్కనుంచి పోయాడు. సుశీల వెంటపడింది. ఆమె సైకిలు చప్పుడు దగ్గరయ్యే కొద్దీ ఆయన వేగం పెంచాడు. కూతురి నుంచి తప్పించుకోవడానికి ఆ మనిషి ఆ కాలితోనే పరుగు లాంటి నడక అందుకున్నాడు. తన వల్లే కాలు ఇంకా గట్టిగా నేలకి తగులుతోందని ఆమెకి తెలుస్తూనే ఉంది. ఆగితే పోతాడు, తరిమితే పరుగెత్తుతాడు.

"నాన్నా, కాలు కింద పెట్టకు! నీకు దండం పెడ్త, కింద పెట్టకు!"

లారీ ఒకటి హారను కొట్టుకుంటూ ఇద్దరినీ దాటిపోయింది. పులియా దగ్గర ఆమె సైకిలుని ముందుకి పోనిచ్చి, ఆయనకి అడ్డంగా పడేసి, కింద కూర్చుని రెండు చేతులతో ఆ కుడి కాలు పట్టుకుంది.

పట్టుకున్నాక శ్రీరంగం కదల్లేదు. ముట్టుకున్నాక ఇంక కాపాడుకోవడానికి ఏమీ లేదు. గట్టు మీద కూలబడ్డాడు. ఒళ్ళు కాలిపోతోంది. సుశీల కాలు తిప్పి చూసింది. బొటనవేలి కింద కండ నల్లగా, మగ్గి కుళ్ళిన పండులా మెత్తగా అయింది. నడుమ చిన్న రంధ్రం. అందులోంచి ఏదో మెరిసింది. గోళ్ళతో పట్టి లాగితే సన్నటి తీగ వచ్చింది. ఉంగ పట్టకారుతో లాగిన లాంటిదే. లాగుతుంటే వస్తూనే ఉంది.

"నొప్పి లేదే" అన్నాడు శ్రీరంగం, చూస్తూ. "నాకు ఏం నొప్పి లేదే పిల్లా." తర్వాత మెడలో మాల పట్టుకుని ఏడ్చాడు. "దీక్ష పోయింది. ముట్టుకున్నవ్. దీక్ష పోయింది."

సుశీల ఆయన్ని సైకిలు వెనక కూర్చోబెట్టింది. ఎంత తగ్గినా బరువైన మనిషే. రోజూ దోర్నపాల్ దాకా తొక్కి గట్టిపడిన కాళ్ళు కాబట్టి ఆమెకి చేతనైంది. హ్యాండిలు దోర్నపాల్ వైపే తిప్పి ఉంది. అక్కడ ఆసుపత్రి ఉంది.

"అటు కాదు. ఇంటికి తిప్పు."

"ఆసుపత్రికి పోదాం నాన్నా."

"మాల మెడల పెట్టుకుని, మైల పడి, ఆసుపత్రికి రాను. గురుస్వామి చేతులతోటి తీయించుకోవాలె. తిప్పుతవా, దిగి నడవాల్నా?" అని ఆయన కుడి కాలు కింద పెట్టబోయాడు.

ఆ కాలు నేలకి ఆననివ్వకూడదు. సుశీల హ్యాండిలు ఇంటి వైపు తిప్పింది.

ఇంటి దగ్గర జరగాల్సినవన్నీ జరిగాయి. సుశీల వాకిట్లోకి రాకుండా రోడ్డు మీదే నిలబడింది. నాగేశ్వరమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆయనకి పసుపు నీళ్ళతో స్నానం చేయించారు. ఆ స్నానంలో పుండు తడిసి ఇంకా విచ్చుకుంది. ఉంగ పోయి జీపు మాట్లాడి తెచ్చేసరికి ఎండ ఎక్కింది. జీపు దోర్నపాల్ వైపు కాక కొంటా వైపు బయలుదేరింది. సుశీల వెనక సీట్లో మూలకి ఒదిగి కూర్చుంటే ఎవరూ దిగమనలేదు, ఎక్కమనా లేదు.

కొంటాలో సుందరరావు గురుస్వామి గుడి మెట్ల మీదే కాలు చూశాడు.

"షుగరుందని నాకు చెప్పినవా శ్రీరంగం?"

"లేదు స్వామీ."

"చెప్తే చెప్పులేస్కోమనేటోణ్ణి గదా. మా బృందంల ముసలోళ్ళు, రోగమున్నోళ్ళు అందరు వేస్కుంటరు. నాక్కూడ బీపీ, నేను ఉన్ని మేజోళ్ళు తొడుక్కుంట. ఒక్క మాట అడగకపోతివి."

నాగేశ్వరమ్మ తల వంచుకుంది. ఆయన గబగబా మంత్రం చదివి మాల తీశాడు. "పూజ సంగతి తర్వాత, ముందు పొండి" అని జీపు తలుపు తనే వేశాడు.

భద్రాచలం చేరేసరికి శ్రీరంగానికి స్పృహ సరిగా లేదు. అదే డాక్టరమ్మ. ఆమె కాలు చూసి, సుశీల వైపు చూసింది. రోజూ చూడమన్నాను కదా అంటుందేమోనని, అంటే ఏం చెప్పాలా అని సుశీల దారంతా మాటలు వెతుక్కుంటూ వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. అడిగితేనే బాగుండేది.

మొదట వేళ్ళు తీశారు. విషం ఆగలేదు. ఆ తర్వాత మోకాలి కిందికి తీసేశారు.

ఎండలు ముదిరే వేళకి శ్రీరంగం ఊళ్ళోకి వచ్చాడు, చంకల్లో కర్రలతో. అప్పటికి ఊరు ఒక మాట అనుకుని స్థిరపడిపోయింది. దీక్షలో ఉన్న మనిషిని ముట్టు పిల్ల పట్టుకుంది, ఏ కాలు పట్టుకుందో ఆ కాలే పోయింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు సుశీల బిందెకి దూరం జరిగేవాళ్ళు. "తీగ ముందు దిగిందా, పిల్ల ముందు పట్టుకుందా? మీకు కళ్ళున్నయా?" అని లక్కే వాళ్ళతో తగువు పెట్టుకుంది. ఉంగ ఆ తీగ అడిగి తీసుకుని తన చెప్పు ముక్కకి గుచ్చి, వచ్చిన వాళ్ళకల్లా చూపించాడు. చూసి, తలూపి, మళ్ళీ పాత మాటే అనేవాళ్ళు. నాగేశ్వరమ్మ కూతురికి అన్నం పెట్టేటప్పుడు మొహం చూసేది కాదు. శ్రీరంగం రోజంతా గల్లాపెట్టె ముందు కూర్చునేవాడు. మెడ కింద కండ మళ్ళీ పేరుకుంది. గురక మళ్ళీ మొదలైంది. డాక్టరమ్మ ఉన్న కాలికి బూటు వేసుకుని, కర్రలతో వాకిట్లోనైనా తిరగమంది, బరువంతా ఇప్పుడు ఆ ఒక్క పాదం మీదే కాబట్టి దాన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకోవాలంది. అటక మీది బూట్లలో ఎడమది కిందికి వచ్చింది. ఆయన దాన్ని తొడుక్కుని కూర్చునేవాడే కానీ లేచేవాడు కాదు. సాయంత్రం పీట ఎవరూ వేయలేదు. సుశీల టార్చి తీసి, మళ్ళీ గూట్లో పెట్టేసేది. ముట్టుకోవాలంటే చేతులు ముందుకి రావడం లేదు.

ఒక సాయంత్రం ఆమె చాప, దుప్పటి మూట కట్టుకుంది. దీక్ష లేదు, వసారాలో ఉంటే సరిపోతుంది. కానీ ఆ చలికాలం తర్వాత నెల నెలా ఆమె ఎవరూ చెప్పకుండానే లక్కే ఇంటికి పోతోంది. దుకాణం కట్టేసే వేళ. మూట చంకన పెట్టుకుని వాకిలి దాటబోతుంటే లోపల్నుంచి పిలుపు వినబడింది.

"ఏడికి?"

"లక్కే అక్క ఇంటికి నాన్నా."

శ్రీరంగం బియ్యం బస్తా మీద కూర్చుని ఉన్నాడు. వంగలేక వంగి, బూటు ఊడదీయడానికి తంటాలు పడుతున్నాడు. బూటు ఊడి వచ్చింది. ఉన్న కాలు ముందుకి చాపాడు.

"నువ్వు పోతే దీన్ని ఎవరు చూస్తరు?"

సుశీల గుమ్మం బయటే నిలబడిపోయింది. తల్లి వైపు చూసింది. నాగేశ్వరమ్మ వంటింటి తలుపు దగ్గర ఉంది. చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టింది. తర్వాత లోపలికి పోయి, పీట తెచ్చి బస్తా ముందు వేసి, మొహం అటు తిప్పుకునే గూట్లోంచి టార్చి తీసి పీట మీద పెట్టింది. రోడ్డు మీద పోతున్న ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. చూడనీ అన్నట్టు శ్రీరంగం కాలు అలాగే చాపి ఉంచాడు.

సుశీల మూట దించి వచ్చి కూర్చుంది. తండ్రి కళ్ళు మూసుకున్నాడు.

వేళ్ళ సందులు చూసింది. మడమ చూసింది. తుడిచి, మళ్ళీ చూసింది. బొటనవేలి కింద గట్టిపడిన చోట వేలితో నొక్కింది.

"తెలుస్తుందా నాన్నా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

"ఇక్కడ?"

టార్చి వెలుగు పచ్చబడుతోంది. ఆమె చేతులు తీసి, టార్చిని అరచేతికి కొట్టుకుంది, వెలుగు పెరుగుతుందేమోనని.

"ఆ, ఇప్పుడు తెలుస్తుంది" అన్నాడు శ్రీరంగం, కళ్ళు మూసుకునే. "ఇదిగో, ఇక్కడ తెలుస్తుంది పిల్లా."